ఓజేటీకి వెళ్లే ముందు మా సరిహద్దు ఊళ్ల పిల్లలకు

వేసవి సెలవులు దగ్గరపడుతున్న కొద్దీ మా విభాగం వరండాలో ఓజేటీ గురించి, అంటే చదువులో భాగంగా ఏదైనా సంస్థలో కొన్ని గంటలు చేసే పని శిక్షణ గురించి, ఒకే ప్రశ్న వినిపిస్తుంది. "మేడమ్, సర్టిఫికెట్ తెచ్చిస్తే నాలుగు క్రెడిట్లు పడతాయి కదా?" అని ఎం.కాం. మొదటి సంవత్సరం పిల్లలు అడుగుతారు. అడిగేవాళ్లలో చాలామంది ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, ఉమ్రి వైపు నుంచి పొద్దున్నే రైల్లోనో ఎస్టీ (మహారాష్ట్ర ఆర్టీసీ) బస్సులోనో నాందేడ్‌కు వచ్చి, సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తరగతిలో మరాఠీ వింటూ, పరీక్షలో ఇంగ్లీషు రాసే పిల్లలు వీళ్లు. మాది ధర్మాబాదే; రైలెక్కితే తరువాతి స్టేషన్ బాసర, అంటే తెలంగాణ. నేనూ ఇదే దారిలో చదువుకొని ఇప్పుడు ఇక్కడ కామర్స్ చెబుతున్నాను. ఓజేటీ మీద మరాఠీలో సర్క్యులర్లు ఉన్నాయి, ఇంగ్లీషులో మార్గదర్శకాలు ఉన్నాయి. ఇంటికి తీసుకెళ్లి అమ్మానాన్నలకు చదివి వినిపించడానికి తెలుగులో ఒక్క కాగితం కూడా లేదని పిల్లలు చెప్పినప్పటి నుంచి, నాకు తెలిసినంతవరకు వివరంగా రాసి పెట్టాలని అనుకుంటూనే ఉన్నాను.

క్రెడిట్‌ను చాలామంది మార్కుతో కలిపేస్తారు. ఎంత బాగా నేర్చుకున్నారో మార్కు చెబుతుంది. నేర్చుకోవడానికి ఎన్ని గంటలు పెట్టారో క్రెడిట్ చెబుతుంది. జాతీయ విద్యా విధానం వచ్చాక యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) 2022 డిసెంబరులో డిగ్రీ కోర్సుల కోసం ప్రకటించిన క్రెడిట్ చట్రంలో ఈ కొలత స్పష్టంగా ఉంది. 15 వారాల సెమిస్టర్‌లో వారానికి ఒక గంట చొప్పున పాఠం వింటే, అంటే 15 గంటలకు, ఒక క్రెడిట్ వస్తుంది. ఇంటర్న్‌షిప్, క్షేత్ర పని, సమాజ సేవ వంటివాటికి వారానికి రెండు గంటల లెక్క, అంటే ఒక క్రెడిట్‌కు 30 గంటలు. "తరగతిలో కూర్చుంటే పదిహేను, ఎండలో నిలబడి పనిచేస్తే ముప్పై, ఇదెక్కడి న్యాయం మేడమ్" అని నిరుడు ఒక అబ్బాయి అడిగాడు. అడగవలసిన ప్రశ్నే అది. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం ఒక విద్యా సంవత్సరానికి 1200 గంటల అభ్యాసాన్నీ 40 క్రెడిట్లనూ లెక్కగా తీసుకుంది. భాగిస్తే క్రెడిట్‌కు 30 గంటలే వస్తాయి. పాఠం విన్న 15 గంటల వెనుక ఇంట్లో చదువుకొని, లెక్కలు చేసుకొని, అసైన్‌మెంట్ రాసుకొనే గంటలు కూడా ఉంటాయని దాని భావం. పనిచోట అలా దాగిన గంటలు ఉండవు, నేర్చుకొనేదంతా అక్కడే జరగాలి కనుక ఆ ముప్పై గంటలూ కళ్లెదుట లెక్కకు రావాలి. నేను ఆ అబ్బాయికి ఇలాగే చెప్పాను, ఒప్పుకున్నాడు.

మహారాష్ట్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన చట్రంలో ఈ పనికి 'ఆన్ జాబ్ ట్రైనింగ్' అని పేరు పెట్టారు. మన పిల్లల నోట అది ఓజేటీ అయింది. పీజీలో మొదటి సంవత్సరం రెండో సెమిస్టర్‌లోనూ, మూడేళ్ల డిగ్రీలో ఆరో సెమిస్టర్‌లోనూ దానికి 4 క్రెడిట్లు కేటాయించారు. విశ్వవిద్యాలయాన్ని బట్టి, స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీని బట్టి ఈ అంకె కొద్దిగా మారే వీలుంది కాబట్టి అందరికంటే ముందు మీ సిలబస్‌లో ఎన్ని క్రెడిట్లు ఉన్నాయో చూసుకొని, దాన్ని ముప్పైతో హెచ్చవేయండి. నాలుగు క్రెడిట్లయితే 120 గంటలు. రోజుకు ఆరు గంటల చొప్పున చేస్తే 20 పనిరోజులు, నాలుగు గంటల చొప్పున చేస్తే 30 రోజులు పడతాయి. భోజన విరామం ఇందులోకి రాదు. ధర్మాబాద్ నుంచి నాందేడ్‌కు పోయి వచ్చిన రైలు ప్రయాణం ఇందులోకి రాదు. దుకాణం మూసి ఉన్న అమావాస్య నాడు ఇంట్లో ఉండి "వచ్చాను" అని రాసుకున్న రోజు అసలే రాదు. అవతలి రాష్ట్రాల్లో ఉన్న మన బంధువుల పిల్లల లెక్క వేరు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు, గ్రామంలో చేసే సమాజ సేవ ప్రాజెక్టుతో కలిపి, పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. యూజీసీ 2024లో డిగ్రీ ఇంటర్న్‌షిప్‌ల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో నాలుగో సెమిస్టర్ తరువాత 60 నుంచి 120 గంటలు, 2 నుంచి 4 క్రెడిట్లు అని ఉంది. ఇంజనీరింగ్ పిల్లలకు ఏఐసీటీఈ, అంటే సాంకేతిక విద్యా మండలి, లెక్క మరొకటి. అందువల్ల పెద్దమ్మ కొడుకు విజయవాడలో ఏం చేశాడో చూసి ఇక్కడ పని మొదలుపెట్టకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2024 వేసవిలో మా మొదటి బ్యాచ్ ఓజేటీకి వెళ్లింది. ఒక అమ్మాయి తన తాలూకా ఊళ్లోనే ఒక కార్యాలయంలో చేరింది. మేనమామకు అక్కడి అధికారి తెలిసినవాడు. "రేపటి నుంచి పంపించు" అన్నాడు, ఆమె మర్నాడే వెళ్లింది. ఇరవై రెండు రోజులు నిజంగా పనిచేసింది. పాత రసీదులను తేదీల వారీగా పేర్చింది, రిజిస్టర్లలోని అంకెలను కంప్యూటర్‌లోకి ఎక్కించింది, రోజూ పదింటికి వెళ్లి ఐదింటికి వచ్చింది. చివరి వారంలో ఆ అధికారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన దగ్గరకు సర్టిఫికెట్ కోసం వెళితే, "మా రికార్డుల్లో నీ పేరే లేదమ్మా, నేను ఏమని సంతకం పెట్టాలి" అన్నాడట. ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాలేజీ నుంచి వెళ్లిన లేఖ లేదు, వాళ్లు ఇచ్చిన అంగీకార పత్రం లేదు, హాజరు పట్టిక లేదు. మా కమిటీ ముందు ఆమె నిలబడి, తాను ఏ అల్మారాలో ఏ సంవత్సరం రసీదులు పెట్టిందో కూడా చెప్పింది. మేమందరం నమ్మాము. నమ్మినా క్రెడిట్లు ఇవ్వలేకపోయాము. ఆ అమ్మాయికి మెంటర్‌ని, అంటే కాలేజీ తరఫున ఆమె ఓజేటీని చూసుకోవలసిన అధ్యాపకురాలిని, నేనే. ఆ ఇరవై రెండు రోజుల్లో ఒక్కసారి ఫోన్ చేసి "ఎలా ఉంది" అని అడిగి ఊరుకున్నాను గానీ, కాగితాలు ఉన్నాయా అని అడగలేదు, వెళ్లి చూడలేదు. దీపావళి సెలవుల్లో ఆమె ఒక విత్తనాల దుకాణంలో మళ్లీ 120 గంటలు చేసి పూర్తి చేసింది. ఆమె రెండుసార్లు పడిన కష్టం నా మనసులోంచి పోలేదు. ఆ తరువాత నుంచి నా దగ్గర ఒక నియమం ఉంది: మూడు కాగితాలు నా ఫైలులోకి రాకముందు ఏ పిల్లా ఏ పిల్లవాడూ పనిలోకి దిగకూడదు.

ఆ మూడింటిలో మొదటిది మీరు కాలేజీకి ఇచ్చే దరఖాస్తు. ఎక్కడ చేయాలనుకుంటున్నారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, అక్కడ ఏమి నేర్చుకోవాలనుకుంటున్నారు అనే వివరాలు అందులో ఉండాలి. దాని మీద విభాగాధిపతి ఆమోదం ఉండాలి. దాన్ని చూసి కాలేజీ తన లెటర్‌హెడ్ మీద ఆ సంస్థకు ఒక అభ్యర్థన లేఖ ఇస్తుంది. సంస్థ దానికి జవాబుగా, ఫలానా విద్యార్థిని ఫలానా తేదీల్లో తీసుకుంటున్నామనీ, ఆమె పనిని చూసుకొనే పర్యవేక్షకుడు ఫలానా వ్యక్తి అనీ రాసి, ముద్ర వేసి ఇవ్వాలి. పర్యవేక్షకుడి పేరు రాయించుకోవడం చాలామంది మరచిపోతారు. వ్యక్తి మారినా సంస్థ మాట నిలవాలంటే ఆ కాగితం మీద పేరుతో పాటు హోదా కూడా ఉండాలి. ముద్ర లేని చిన్న దుకాణమైతే జీఎస్టీ నంబరో, దుకాణం లైసెన్సు నంబరో ఉన్న బిల్లు కాగితం మీద రాయించుకు రండి, నేను ఒప్పుకుంటాను. ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రుల అంగీకారం కూడా నేను విడిగా అడుగుతాను. ఏ చోట, ఎవరి మధ్య, సాయంత్రం ఎన్నింటి వరకు అనే సంగతి ఇంట్లో ముందే తెలిసి ఉంటే పదో రోజున "ఇక వెళ్లొద్దు" అనే మాట రాదు.

స్థలం ఎంపిక గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఓజేటీ అనగానే మన పిల్లలకు హైదరాబాద్‌లోనో పుణెలోనో అద్దాల భవనంలో ఉన్న కంపెనీ కళ్లముందు మెదులుతుంది. అక్కడికి వెళ్లే స్తోమత లేనివాళ్లు తమకు తక్కువ రకం ఇంటర్న్‌షిప్ దొరికిందని దిగులు పడతారు. ఆ దిగులు అక్కరలేదు. సంస్థ ఎంత పెద్దది అన్న దాని మీద క్రెడిట్ ఆధారపడదు; మీ సబ్జెక్టుకు సంబంధించిన పని ఉందా, నేర్పే మనిషి ఉన్నాడా, గంటలకు రుజువు ఉందా అన్న మూడింటి మీదే ఆధారపడుతుంది. ధర్మాబాద్ ఎర్ర మిరప మార్కెట్ ఈ ప్రాంతమంతటికీ తెలుసు. మిరపకాయలు కొని అమ్మే అడ్తి దుకాణంలో కామర్స్ విద్యార్థికి నేర్చుకోవడానికి ఉన్నంత సరుకు చాలా కార్యాలయాల్లో ఉండదు. పప్పు మిల్లు, జిన్నింగ్ మిల్లు, సహకార పరపతి సంఘం, ట్యాక్స్ కన్సల్టెంట్ గది, ఎరువుల డీలర్, లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, ఇవన్నీ మన ఊళ్లలో నడిచి వెళ్లే దూరంలో ఉన్నాయి. ఇల్లు దగ్గరైతే బస్సు ఖర్చు ఉండదు, వేసవి ఎండలో ప్రయాణం ఉండదు, అద్దె గది ఉండదు. ఆ మిగిలిన శక్తి పని మీద పెట్టవచ్చు.

అయితే కొన్ని చోట్లకు నేను ఒప్పుకోను. సొంత నాన్న దుకాణంలో నాన్నే పర్యవేక్షకుడిగా ఉండడం కుదరదు. బాబాయి దుకాణం అయినా అంతే. పిల్లల నిజాయితీ మీద అనుమానంతో ఈ మాట అనడం లేదు. మూల్యాంకనం చేసే మనిషి ఇంటి మనిషి అయితే ఆ మార్కుకు విలువ ఉండదు, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే పిల్లలే నిలబడలేరు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జిరాక్సులు తీయించడం, టీలు తెప్పించడం తప్ప ఇంకేమీ ఇవ్వని చోటు కూడా వద్దు. ఇక ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకొని, నాలుగు వీడియోలు చూపించి, రెండు వారాల్లో రంగురంగుల సర్టిఫికెట్ పంపేవాళ్లు ఉన్నారు. అందులో మీ పనిని చూసే పర్యవేక్షకుడు లేడు, గంటల రుజువు లేదు. సర్టిఫికెట్ మీద 'ఇంటర్న్‌షిప్' అని బంగారు అక్షరాలతో ఉన్నా మా కమిటీ దాన్ని పక్కన పెడుతుంది. మన పిల్లలు రెండు మూడు వేల రూపాయలు అలా పోగొట్టుకోవడం చూసి నాకు చాలా బాధ కలిగింది.

నిరుడు ఒక అడ్తి దుకాణంలో చేసిన అమ్మాయి రోజువారీ పుస్తకం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. తనకు తిరిగి ఇవ్వబోతే, కొత్త బ్యాచ్‌కు చూపించండి మేడమ్ అని నా దగ్గరే ఉంచింది. పేజీల మడతల్లో ఎర్రటి మిరప పొడి ఇంకా ఉంది, తెరిస్తే ముక్కు మండుతుంది. ఆరో రోజు పేజీలో ఆమె మొదట ఒకే వాక్యం రాసింది: "ఈ రోజు పని లేదు, కూర్చున్నాను." ఆ మర్నాడు నేను దుకాణానికి వెళ్లినప్పుడు ఆ పేజీ చూసి, నిన్న దుకాణం తెరిచే ఉంది కదా, ఎవరెవరు వచ్చారు అని అడిగాను. ఒక రైతు ఆరు బస్తాలు తెచ్చాడని, కాంటా మీద పెట్టాక బరువు దగ్గర కాసేపు వాదన జరిగిందని, సేట్ పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, రాసి ఇచ్చాడని చెప్పింది. ఆ వాదన ఏమిటో రాయమన్నాను. అదే పేజీ కింద ఆమె రాసుకున్నది ఇప్పుడు పేజీన్నర ఉంది. కాంటా చూపిన బరువులోంచి ఖాళీ సంచుల బరువు, అంటే బార్దానా, తీసివేసి నికర బరువు కడతారని. ఆ రైతు తెచ్చిన సంచులు కొత్తవి, పలుచనివి కాబట్టి తక్కువ తీయాలని అతను అడిగాడని. చివరికి ఒక ఖాళీ సంచిని కాంటా మీద పెట్టి తూచి తేల్చారని అందులో ఉంది. హమాలీ (మోత కూలి), తోలాయి (తూకం కూలి) ఎంత పోయాయో, విత్తనాల కాలంలో అతను తీసుకున్న అడ్వాన్సు ఎంత జమ చేసుకున్నారో, చేతికి ఎంత వచ్చిందో వరుసగా రాసి, పక్కన ఆ పట్టీ నమూనాను రైతు పేరు లేకుండా చేత్తో గీసింది. ఆ కింద, దుకాణం ఖాతావహిలో ఆ రైతు పేజీలో జమా, నావే రెండు వైపులా ఏ మొత్తం ఎక్కడ పడిందో చూపించి, తరగతిలో మనం క్రెడిట్, డెబిట్ అని చదివేది ఇదేనని తన మాటల్లో రాసింది. పని లేదనుకున్న రోజే ఆమె అకౌంటెన్సీ నిజంగా నేర్చుకుంది.

రోజువారీ పుస్తకం ఎలా రాయాలని అడిగిన ప్రతివారికీ నేను ఆ పేజీ చూపిస్తాను. తేదీ, వచ్చిన సమయం, వెళ్లిన సమయం, ఆ రోజు గంటలు, అప్పటికి మొత్తం గంటలు పైన ఉండాలి. కింద చేసిన పని, చూసిన పని, అర్థం కాని సంగతి ఉండాలి. పర్యవేక్షకుడి సంతకం రోజూ దొరక్కపోతే వారానికి ఒకసారైనా చేయించుకోవాలి. చివరి రోజున కూర్చొని ఇరవై రోజులకు ఒకే కలంతో, ఒకే సిరాతో రాసిన పుస్తకం చేతికి రాగానే మాకు తెలిసిపోతుంది. అందులో ఏ రోజూ ఎవరూ రారు, ఏ వాదనా జరగదు, అన్ని రోజులూ "లెక్కలు నేర్చుకున్నాను" అనే ఉంటుంది. దుకాణానికి సంబంధించిన రహస్యాలు, రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం అందులో రాయకూడదు. మీ మీద నమ్మకంతో ఖాతావహి తెరిచిన మనిషికి ఆ మర్యాద చేయాలి.

భాష గురించి పిల్లలు భయపడతారు. నివేదిక మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఇవ్వవలసిందే, అందులో మార్పు లేదు. రోజువారీ పుస్తకాన్ని తెలుగులో రాసుకోమని నేనే చెబుతాను. ఇంట్లో, దుకాణంలో తెలుగు మాటలే చెవిన పడే పిల్ల ఆ రాత్రి అలసిపోయి ఇంగ్లీషులో రాయాలంటే నాలుగు ముక్కలు రాసి పడుకుంటుంది. తెలుగులో అయితే చూసింది చూసినట్టు రాస్తుంది. ఆ తరువాత నివేదికను అందులోంచి తయారు చేసుకోవడానికి నేను పక్కన కూర్చుంటాను. ఇదివరకు ఒకరిద్దరు సహోద్యోగులు దీన్ని ఒప్పుకోలేదు, సంతకం చేసే పర్యవేక్షకుడికి అర్థం కావాలి కదా అన్నారు. మా వైపు అడ్తిదారుల్లో తెలుగు చదవగలిగినవాళ్లు ఉన్నారు. చదవలేని చోట పై భాగంలో గంటలు, పని పేరు మరాఠీలో రాస్తే సరిపోతుంది.

మూల్యాంకనంలో ఇద్దరి పాత్ర ఉంటుంది. అక్కడి పర్యవేక్షకుడు హాజరు, క్రమశిక్షణ, పని నేర్చుకున్న తీరు గురించి తన అభిప్రాయం మూసిన కవరులో పంపుతాడు. కాలేజీలో మెంటర్, మరో ఇద్దరు అధ్యాపకులు నివేదిక చదివి, వైవా (మౌఖిక పరీక్ష) తీసుకుంటారు. వైవాలో పాఠ్యపుస్తకంలోని నిర్వచనాలు అడిగితే ఓజేటీకి వెళ్లి ఏం లాభం? మేము మీ పుస్తకంలోంచే అడుగుతాము. ఫలానా రోజు ఖాళీ సంచి ఎందుకు తూచారు, తూచకపోతే నష్టం ఎవరికి, అలాంటివి. నిజంగా చేసినవాళ్లు తడుముకోరు. మెంటర్ కనీసం ఒక్కసారైనా ఆ చోటికి వెళ్లి చూడాలని నేను గట్టిగా నమ్ముతాను. ఒక్కొక్క అధ్యాపకుడి కింద ఎక్కువమంది పిల్లలను పెట్టి, ప్రయాణ ఖర్చు కూడా ఇవ్వకుండా, అన్ని చోట్లకూ వెళ్లమనడం కష్టమే. అయినా పిల్లలను నమ్మి పంపినది మనం కాబట్టి, వాళ్లు కూర్చున్న చోటును మన కళ్లతో చూడడం మన పని.

డబ్బు సంగతి తల్లిదండ్రులు తప్పక అడుగుతారు. ఓజేటీకి స్టైపెండ్ ఇవ్వాలనే నిర్బంధం లేదు. ఇస్తే తీసుకోవచ్చు, దానివల్ల క్రెడిట్లు తగ్గవు. అప్రెంటిస్‌షిప్ వేరు. అది 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద నడుస్తుంది, ఒప్పందం ఉంటుంది, స్టైపెండ్ తప్పనిసరి. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు 5,000 రూపాయలు ఇస్తారని విని చాలామంది దాన్నే ఓజేటీ కింద చూపిస్తామని వచ్చారు. అప్పుడు ప్రకటించిన నియమాల ప్రకారం అది 21 నుంచి 24 ఏళ్ల మధ్య వయసు ఉండి, పూర్తికాల చదువులోగానీ పూర్తికాల ఉద్యోగంలోగానీ లేనివాళ్ల కోసం ఉద్దేశించిన ఏడాది పథకం. ఆ నియమాల కింద రోజూ కాలేజీకి వచ్చే విద్యార్థికి అది వర్తించలేదు. చదువు పూర్తయ్యాక చూసుకోవలసిన దారి అది.

డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లల ఇళ్లలో మాత్రం ఇంకో సంగతి తప్పక తెలియాలి. మా వైపు ఆడపిల్లలు మొదటి సంవత్సరం కాగానే పెళ్లి కుదిరి చదువు ఆపేయడం నేను ప్రతి ఏడూ చూస్తున్నాను. ఇదివరకైతే ఆ ఏడాది చదువు చేతికి ఏ కాగితమూ ఇవ్వకుండానే పోయేది. ఇప్పుడు 40 క్రెడిట్లు పూర్తి చేసి, వేసవిలో మరో 4 క్రెడిట్ల వృత్తి కోర్సో ఇంటర్న్‌షిప్పో చేస్తే యూజీ సర్టిఫికెట్‌తో బయటకు రావచ్చు. రెండేళ్లు చదివి 80 క్రెడిట్లతో పాటు ఆ వేసవి 4 క్రెడిట్లూ ఉంటే డిప్లొమా వస్తుంది. మూడేళ్లలోపు తిరిగి చేరవచ్చు, మొదటి నుంచి ఏడేళ్లలోపు డిగ్రీ పూర్తి చేయవచ్చు. ఆ వేసవి నాలుగు క్రెడిట్లు లేకపోతే మాత్రం 40 ఉన్నా సర్టిఫికెట్ రాదు. అమ్మాయి చదువు ఆపించక తప్పదని మీరు నిర్ణయించుకున్నా, ఆ ఒక్క వేసవి ఆమెను పని నేర్చుకోనివ్వండి. నెలన్నర ఆగితే ఆమె చేతికి ఒక పత్రం వస్తుంది, తిరిగి రావడానికి దారి మిగులుతుంది. ఇది నేను ఎంతో మంది తల్లులకు వాళ్ల ఇళ్ల అరుగుల మీద కూర్చొని చెప్పాను, కొందరు విన్నారు.

వచ్చిన క్రెడిట్లు ఎక్కడ నిలవ ఉంటాయో కూడా చూసుకోవాలి. 2021లో మొదలైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ప్రతి విద్యార్థికీ డిజిలాకర్ (పత్రాలు దాచుకొనే ప్రభుత్వ ఆన్‌లైన్ ఖాతా) ద్వారా పన్నెండు అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఇప్పుడు దాన్నే అపార్ అంటున్నారు. అందులోకి క్రెడిట్లు వేసేది కాలేజీ, విశ్వవిద్యాలయం, మీరు వేసుకోలేరు. సాధారణంగా అవి ఏడేళ్ల వరకు చెల్లుతాయి. మన తెలుగు ఇళ్ల పిల్లలకు ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. మహారాష్ట్ర మార్కుల జాబితాల్లో ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు వరుసగా ఉంటాయి. ఆధార్‌లో మనవాళ్లు ఇంటిపేరును ఒక్క అక్షరంగా రాయించుకున్నవాళ్లు, అసలు రాయించుకోనివాళ్లు ఉన్నారు. రెండింట్లో పేరు కలవక ఖాతా తెరుచుకోదు, తెరుచుకున్నా క్రెడిట్లు జోడు కావు. ఓజేటీ పూర్తయ్యాక కంగారుపడే బదులు సెమిస్టర్ మొదట్లోనే ఆధార్ కేంద్రానికి వెళ్లి పేరు సరిచేయించుకోండి. క్రెడిట్లు వేశారని కాలేజీ చెప్పిన నెలకల్లా డిజిలాకర్ తెరిచి ఓజేటీ వరుసలో అంకె సరిగా ఉందో లేదో మీరే చూసుకోండి. లేకపోతే ఫలితాల కాగితం పట్టుకొని మా ఆఫీసుకు రండి.

ఈ వేసవికి దరఖాస్తు నమూనాలు విభాగంలో ఉంచాను. రెండో సెమిస్టర్ చివరి పరీక్షకు పది రోజుల ముందే పూర్తి చేసి ఇస్తే అభ్యర్థన లేఖలు పరీక్షలు అయ్యేలోపు మీ చేతికి వస్తాయి. ధర్మాబాద్, ఉమ్రి పిల్లలు నాందేడ్ దాకా రావలసిన పని లేదు, ఆదివారం పొద్దున మా ఇంటికి తెచ్చి ఇవ్వవచ్చు. ఎక్కడ చేరాలో తోచనివాళ్లు కూడా రండి, ఊళ్లో ఐదారు చోట్ల ముందే మాట్లాడి ఉంచాను. నిరుడు ఆ అమ్మాయిని తీసుకున్న అడ్తి సేట్ మొన్న బజారులో కనిపించి, ఈసారి ఇద్దరిని పంపమని, ముక్కుకు కట్టుకోవడానికి మంచి బట్ట తెచ్చుకోమని మొదటి రోజే చెప్పమని అన్నాడు.